కొత్త ఎయిర్‌ఫీల్డ్‌లో సర్క్యూట్‌లోకి ఎలా చేరాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చి ఆరు నెలలైంది, డెబ్బై గంటలు దాటాయి, నేర్చుకున్నదంతా టవర్ (రేడియోలో విమానాలకి అనుమతులిచ్చే కంట్రోలర్‌లు) ఉన్న ఒకే ఎయిర్‌పోర్టులో. పోయినవారం మొదటిసారి టవర్ లేని చిన్న ఫీల్డ్‌కి సెస్నా 172లో వెళ్లారు. రన్‌వే 27 (అంటే 270 డిగ్రీలకి, పడమరకి దిగేది), సర్క్యూట్ (దిగే ముందు రన్‌వే పక్కన తిరిగే దీర్ఘచతురస్రపు దారి) ఎడమవైపు అని ముందే చదువుకున్నారు. తీరా ఉత్తరం నుంచి ఫీల్డ్ కనిపించేసరికి కంగారుపడి, కనిపించిన వైపే డౌన్‌విండ్ (సర్క్యూట్‌లో రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకి వ్యతిరేకంగా ఎగిరే భాగం) అనుకుని ఉత్తరాన్నే చేరిపోయారు. రేడియోలో ఒకాయన అరిచాడు. "నేరుగా డౌన్‌విండ్‌లో చేరాలా, ఓవర్‌హెడ్ నుంచి రావాలా? ఏ వైపు ఏదో గాల్లో ఎలా తేల్చుకోవాలి? తిట్టినాయనకి ఏం చెప్పాలి?"

ముందు జవాబు చెప్పేస్తాను. టవర్ లేదు, ఫీల్డ్ కొత్త, అయితే పైనుంచి, అంటే ఓవర్‌హెడ్ నుంచి, రండి. సర్క్యూట్ ఎత్తుకి బాగా పైన, ఫీల్డ్ నెత్తి మీదకి వచ్చి, విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) చూసి, ఎవరెక్కడున్నారో లెక్క తేల్చుకుని, సర్క్యూట్ లేని వైపు దిగి, సర్క్యూట్ ఎత్తులో రన్‌వేని అడ్డంగా దాటి డౌన్‌విండ్‌లోకి చేరండి. నేరుగా డౌన్‌విండ్‌లో చేరడం తప్పేం కాదు. కానీ అది గాలి ఎటు, రన్‌వే ఏది, లోపల ఎంతమంది అన్నది ముందే తెలిసినవాడు చేసే పని. పైనుంచి రాకూడని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి, వాటి సంగతి కింద రాశాను. దయచేసి అది దాటేసి వెళ్లకండి.

దేశాన్నిబట్టి పద్ధతి మారుతుందని కూడా గుర్తుంచుకోండి. బ్రిటన్‌లో స్టాండర్డ్ ఓవర్‌హెడ్ జాయిన్ అంటే ఫీల్డ్‌కి 2,000 అడుగుల పైన వచ్చి, డెడ్ సైడ్‌లో (సర్క్యూట్ లేని వైపున) సర్క్యూట్ ఎత్తుకి దిగడం. అమెరికాలో మామూలుగా చెప్పేది డౌన్‌విండ్ మధ్యభాగానికి 45 డిగ్రీల కోణంలో, సర్క్యూట్ ఎత్తులోనే వచ్చి కలవడం. అవతలి వైపు నుంచి వచ్చేవాళ్లు సర్క్యూట్‌కి 500 అడుగులు పైన ఫీల్డ్ దాటి, దూరంగా వెళ్లి దిగి, తిరిగి ఆ 45లోకి రావాలంటారు. అక్కడ జెట్‌లూ పెద్ద విమానాలూ తిరిగే సర్క్యూట్ నేలకి 1,500 అడుగుల దగ్గర ఉంటుంది. అంటే మామూలు 1,000 అడుగుల సర్క్యూట్‌కి 500 పైన దాటేవాడు సరిగ్గా వాళ్ల ముందుకే వస్తాడు. అందుకే అలాంటి చోట 2,000 అడుగుల్లో దాటమని సలహా. మీరు ఎగిరే దేశం నియమాలూ ఆ ఫీల్డ్ ప్రచురించిన సూచనలూ నా మాట కంటే ముందు. నేను చెప్పేది వాటిని గాల్లో ఎలా అమలు చేయాలన్నది.

నేనైతే కొత్త ఫీల్డ్‌కి వెళ్లే ముందు ఫోన్ చేస్తాను. చాలా చిన్న ఫీల్డ్‌లకి ముందస్తు అనుమతి ఎలాగూ కావాలి కాబట్టి ఫోన్ తప్పదు. చేసినప్పుడు "రావచ్చా?" అని మాత్రం అడిగి పెట్టేయకండి. ఈ రోజు ఏ రన్‌వే వాడుతున్నారు, సర్క్యూట్ ఎటు, ఎంత ఎత్తు, ఏ ఊరి మీద ఎగరకూడదు, గ్లైడర్‌లు గానీ పారాచూట్‌లు గానీ ఉన్నాయా అని అడగండి. రెండు నిమిషాల పని. చార్టులో లేని సంగతులు ఈ ఫోన్‌లోనే బయటపడతాయి: మైక్రోలైట్‌లు లోపలి వైపు తక్కువ ఎత్తులో వేరే సర్క్యూట్ తిరుగుతాయనో, రన్‌వే తూర్పు సగం బురదగా ఉందనో.

తర్వాత నీబోర్డ్ (తొడకి కట్టుకునే రాత పలక) మీద పెన్సిల్‌తో బొమ్మ. ఇది చిన్నపిల్లల పనిలా ఉంటుంది, కానీ వేల గంటలు ఎగిరాక కూడా నేను మానలేదు. కాగితం పై అంచు ఉత్తరం. మధ్యలో రన్‌వే గీత, రెండు చివరలా అంకెలు. మీ ఫీల్డ్ అయితే తూర్పు చివర 27, పడమటి చివర 09. ఇక్కడే చాలామంది తలా తోకా తారుమారు చేస్తారు. 27 అనే అంకె తూర్పు చివర రాసి ఉంటుంది, ఎందుకంటే తూర్పు నుంచి పడమరకి దిగేవాడికి అది కనిపించాలి. ఇప్పుడు దిగే దిశకి బాణం గీయండి. సర్క్యూట్ ఎడమవైపు కాబట్టి పడమరకి ముఖం పెట్టి నిలబడితే ఎడమ చెయ్యి దక్షిణం. దక్షిణాన సర్క్యూట్ పెట్టె గీయండి. ఉత్తరాన అడ్డగీతలు కొట్టండి, అది డెడ్ సైడ్. చివరగా మీరు వచ్చే దిక్కు నుంచి ఒక బాణం. ఉత్తరం నుంచి వస్తున్నారు కాబట్టి ఆ బాణం మొదట అడ్డగీతలనే తాకుతుంది. ఈ బొమ్మ మోకాలి మీద ఉండుంటే పోయినవారం మీరు ఉత్తరాన డౌన్‌విండ్ తిరిగేవారు కాదు. గాలి మారొచ్చు కాబట్టి పక్కనే 09కి కూడా ఇంకో చిన్న బొమ్మ వేసుకోండి.

బొమ్మ కింద రెండే అంకెలు రాయండి. ఫీల్డ్ సముద్రమట్టానికి 640 అడుగులు, సర్క్యూట్ దాని మీద 1,000 అనుకోండి. ఆల్టిమీటర్‌లో (ఎత్తు చూపే పరికరం) క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే సెట్టింగ్, పెట్టుకుంటే సర్క్యూట్ 1,640, ఓవర్‌హెడ్ 2,640. ఈ కూడిక గాల్లో చేయకండి. అంత చిన్న లెక్క తప్పుతుందా అంటారేమో, తప్పుతుంది. నా పక్కన కూర్చున్నవాళ్లు తప్పగా చూశాను. కొన్ని చోట్ల సర్క్యూట్‌కి క్యూఎఫ్‌ఈ వాడతారు. అప్పుడు నేల మీద ఆల్టిమీటర్ సున్నా చూపిస్తుంది, సర్క్యూట్ నేరుగా 1,000. రెండిటిలో ఏది పెట్టారో తెలియకపోతే 640 అడుగుల తేడాతో ఇంకొకడి ఎత్తులో ఎగురుతున్నట్టే.

గాల్లో తేల్చుకోవడం ఎలా అని అడిగారు కదా. హెడ్డింగ్ ఇండికేటర్ (విమానం ముక్కు ఏ దిక్కుకి ఉందో చూపే గుండ్రని డయల్) మీదే రన్‌వే గీసుకోండి. ఫీల్డ్‌కి ఎదురుగా ఎగురుతున్నప్పుడు ఆ డయలే మ్యాప్: మధ్యలో ఫీల్డ్, అడుగున మీరు. మీ ఉదాహరణలో హెడ్డింగ్ 180, కాబట్టి డయల్ పైన 18 ఉంటుంది, 27 అంకె కుడి పక్కన ఉంటుంది. ఎడమ నుంచి కుడికి, అంటే డయల్ మీది 09 నుంచి 27 వైపుకి (ఇక్కడి అంకెలు దిక్కులు, రన్‌వే చివర రాసినవి కావు), వేలితో గీత గీయండి. దిగేది ఆ దిశలో. అలా కుడికి ముఖం పెట్టినవాడికి ఎడమ చెయ్యి డయల్ పై సగంలో పడుతుంది. అంటే సర్క్యూట్ ఫీల్డ్‌కి అవతల ఉంది, మీరున్న అడుగు సగం డెడ్ సైడ్. అదే దక్షిణం నుంచి, హెడ్డింగ్ 360తో వస్తే 27 ఎడమ పక్కన ఉంటుంది, గీత కుడి నుంచి ఎడమకి, ఎడమ చెయ్యి అడుగు సగంలో. అప్పుడు మీరు సర్క్యూట్ వైపు నుంచే వస్తున్నట్టు. ఇంట్లో కుర్చీలో కూర్చుని కాగితం మీద డయల్ గీసి, పది రకాల దిక్కులతో ఇది చేసి చూడండి. రెండో రోజుకి వేలు తనంతట తనే వెళ్తుంది. బయల్దేరినప్పటి నుంచి ఇండికేటర్ జరిగి ఉంటుంది కాబట్టి ముందు కంపాస్‌తో సరిచూసుకోవడం మరవకండి.

ఇక వేగం. కొత్త చోటికి చేరేటప్పుడు వచ్చే కంగారులో సగం వేగం వల్లే. 110 నాట్లతో క్రూజ్ చేస్తూ అలాగే ఫీల్డ్ మీదకి వచ్చేసి, అప్పుడు పవర్ తగ్గించి, చెక్‌లు చేసి, రేడియో మాట్లాడి, విండ్‌సాక్ వెతకడం మొదలుపెడితే ఏదో ఒకటి జారిపోతుంది. ఐదారు మైళ్ల ముందే 90 నాట్లకి రండి. 90 నాట్లంటే నిమిషానికి మైలున్నర, లెక్క సులువు: ఆరు మైళ్లంటే నాలుగు నిమిషాలు. చెక్‌లన్నీ ఆ నాలుగు నిమిషాల్లోనే ముగించి, ఫీల్డ్ మీదకి వచ్చేసరికి కళ్లు బయటే ఉండాలి. ల్యాండింగ్ లైట్ వేసుకోండి.

ఫీల్డ్ కనిపించలేదా? కనిపించిందని మీకు మీరు అబద్ధం చెప్పుకోకండి. నాలుగు మైళ్ల దూరంలో రెండు గడ్డి రన్‌వేలు, రెండూ దాదాపు ఒకే దిశలో ఉన్న ప్రాంతంలో నేనొకసారి పక్క ఫీల్డ్ చుట్టూ మర్యాదగా ఓవర్‌హెడ్ తిరిగాను. రేడియోలో నా మాటలన్నీ సక్రమం, ఎత్తు సక్రమం, ఫీల్డ్ ఒక్కటే వేరు. హ్యాంగర్‌లు రన్‌వేకి ఏ పక్కన ఉండాలో చార్టులో చూసుకుని ఉంటే ముందే పట్టుకునేవాణ్ని. కింద ఒక్క విమానం కూడా కదలకపోవడం, రేడియోలో మాత్రం ముగ్గురు మాట్లాడుతుండడం చూసి అనుమానమొచ్చింది. అప్పటి నుంచి జీపీఎస్‌లో ఫీల్డ్ పెట్టుకుంటాను, అది చెప్పినదాన్ని హ్యాంగర్‌లతో, రోడ్డుతో, చెరువుతో పోల్చుకుంటాను. అంకె రన్‌వే మీద చదవగలిగితే అంతకన్నా సాక్ష్యం లేదు.

ఓవర్‌హెడ్‌లో ఏం చూడాలి. మొదట విండ్‌సాక్. తర్వాత రన్‌వే మీద ఎవరున్నారు, హోల్డ్ (రన్‌వే ఎక్కే ముందు ఆగే చోటు) దగ్గర ముక్కు ఎటు పెట్టి ఆగారు. ఆ తర్వాత సర్క్యూట్‌లో డౌన్‌విండ్, బేస్ (డౌన్‌విండ్ తర్వాత రన్‌వే గీత వైపు తిరిగే భాగం), ఫైనల్ (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి భాగం) వరసగా కళ్లతో నడుస్తూ లెక్కపెట్టండి. కొన్ని ఫీల్డ్‌లలో నేల మీద సిగ్నల్ స్క్వేర్ (పైనున్నవాళ్ల కోసం గుర్తులు పరిచే చోటు) ఇంకా ఉంటుంది. తెల్ల 'టీ' ఆకారం దిగే దిశ చూపిస్తుంది, టీ అడ్డగీత వైపుకి దిగాలి. ఎర్ర చదరం మీద పసుపు పచ్చ ఇంటూ గుర్తు ఉంటే అక్కడ దిగడం నిషేధం. అమెరికాలో అయితే విండ్‌సాక్ చుట్టూ ముక్కలు ముక్కలుగా గుండ్రని గుర్తు, దాని పక్కన సర్క్యూట్ ఎటో చూపే 'ఎల్' ఆకారపు గుర్తులూ ఉంటాయి. అక్కడ అలాంటి గుర్తు వేరేగా చెప్పకపోతే తిరుగుళ్లన్నీ ఎడమకే అన్నది నియమం.

విండ్‌సాక్ అన్నాను గానీ, దాన్ని కూడా ఒక్కసారి చూసి నమ్మకండి. ఒక సాయంత్రం నేను వెళ్లిన ఫీల్డ్‌లో విండ్‌సాక్ చెట్ల వరసకి దగ్గరగా, నీడలో ఉంది. రంగు వెలిసిపోయింది. పైనుంచి చూస్తే సన్నని గీత. సన్నని వైపు ఏది, వెడల్పు నోరు ఏదన్నది తేలలేదు. నేను మాత్రం తేలిందనుకున్నాను, ఎందుకంటే పొద్దున ఫోన్‌లో ఒక రన్‌వే చెప్పారు, నాకు అదే కావాలి. డౌన్‌విండ్ సగం వెళ్లాక దూరంగా ఒక పొగ కనిపించింది, నేను దిగబోయే వైపుకే వంగి. పొగ అటు పోతోందంటే దిగేటప్పుడు గాలి నా వెనక నుంచి. వదిలేసి, సర్క్యూట్ బయటకి వెళ్లి, మళ్లీ మొదటి నుంచి వచ్చాను. పొగ, నీటి మీద అలలు, డ్రిఫ్ట్ (గాలికి విమానం పక్కకి జరగడం), జీపీఎస్‌లో గ్రౌండ్‌స్పీడ్ (నేల మీద లెక్కేసిన వేగం), వీటిలో ఏదో ఒకటి విండ్‌సాక్‌తో ఏకీభవించాలి. ఓవర్‌హెడ్‌లో ఒక పూర్తి చుట్టు తిరిగితే గ్రౌండ్‌స్పీడే చెప్పేస్తుంది.

మొదటి చుట్టులో తేలకపోతే ఇంకో చుట్టు తిరగండి. పైన తిరుగుతున్నవాడిని ఎవరూ తిట్టరు. అయితే పైన మీలాగే ఇంకొకరు తిరుగుతుండొచ్చు, కళ్లన్నీ కిందకే పెట్టకండి. ఓవర్‌హెడ్ జాయిన్ మీద ఉన్న అసలు విమర్శ ఇదే: అందరినీ ఒకే చుక్క మీదకి రప్పిస్తుందని. నిజమే. ఎండ బాగున్న ఆదివారం మధ్యాహ్నం నలుగురు ఒకేసారి వచ్చే చోట నేనైతే ఆ గుంపులోకి వెళ్లను. ఐదు మైళ్ల అవతల రెండు చుట్లు తిరిగి, వాళ్లు దిగాక వస్తాను.

దిగడం. సర్క్యూట్ ఎడమ అయితే మీ తిరుగుళ్లూ ఎడమకే. దిగబోయే చివరని ఎడమ కిటికీలో పెట్టుకుని తిరుగుతూ, రన్‌వే దాటి డెడ్ సైడ్‌లోకి వచ్చాకే పవర్ తగ్గించండి. నిమిషానికి 500 అడుగులతో వెయ్యి అడుగులు దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది, 90 నాట్లలో అది మూడు మైళ్లు. చిన్న అర్ధవృత్తంలో పట్టదు. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే: ఎత్తు ఇంకా మిగిలి ఉండగానే దిగుతూ దిగుతూ డౌన్‌విండ్‌లోకి వచ్చేస్తారు. దిగుతున్న విమానం కడుపు కింద ఏముందో మీకు కనిపించదు, కిందవాడు పై రెక్కల విమానంలో ఉంటే అతనికీ మీరు కనిపించరు. ఎత్తు మిగిలితే డెడ్ సైడ్‌లోనే ఇంకో చుట్టు.

సర్క్యూట్ ఎత్తుకి వచ్చాక రన్‌వే అవతలి చివర మీదుగా అడ్డంగా దాటండి. మీ ఉదాహరణలో అది 09 అంకె ఉన్న పడమటి చివర. సరిగ్గా చివర మీదుగానే ఎందుకు? టేకాఫ్ చేసినవాడు అక్కడికి వచ్చేసరికి ఇంకా తక్కువ ఎత్తులో, మీ కింద ఉంటాడు. ఇంకో మైలు బయటకి వెళ్లి దాటితే అతను ఎక్కి మీ ఎత్తుకే వచ్చేస్తాడు. రన్‌వే పొడుగ్గా ఉండి, విమానం చురుగ్గా ఎక్కేదైతే చివర దగ్గరే మీ ఎత్తుకి రావచ్చు. కాబట్టి దాటే ముందు రన్‌వే మీద ఎవరైనా పరిగెడుతున్నారా అని కిందకి ఒక చూపు. ఇక దక్షిణానికి దాటి, ఎడమకి తిరిగితే డౌన్‌విండ్. అప్పటికే తిరుగుతున్నవాళ్లకి దారి ఇచ్చి, వాళ్ల వెనక చేరండి. ముందువాడు కనిపించకుండా బేస్ తిరగకండి.

ఇప్పుడు పైనుంచి రాకూడని చోట్లు. పారాచూట్ దూకే ఫీల్డ్ అయితే నెత్తి మీదకి ఎప్పుడూ వెళ్లకండి. మనిషి పన్నెండు వేల అడుగుల నుంచి మీ మీదకే వస్తుంటాడు, మీకు కనిపించడు, పక్కకి తప్పుకునే అవకాశం అతనికి దాదాపు లేదు. గ్లైడర్‌లని వించ్‌తో లాగే చోట తీగ రెండు మూడు వేల అడుగుల దాకా లేస్తుంది. ఆ ఎత్తు సాధారణంగా చార్టు మీద రాసి ఉంటుంది, చూడండి. పైన కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ (కంట్రోలర్‌ల అధీనంలోని గగనతలం) కింది అంచు 2,500 అడుగుల దగ్గరే ఉంటే 2,640లో తిరగడం ఇంకో తగాదా. మేఘాలు తక్కువగా ఉన్నా అంతే, ఓవర్‌హెడ్ కోసమని మేఘం అంచులు ఒరుసుకుంటూ ఎగరకండి. "ఓవర్‌హెడ్ జాయిన్ వద్దు" అని ఫీల్డ్ వాళ్లే ప్రచురించి ఉంటే అది ఖాయం, కారణం మీకు తెలియకపోయినా సరే.

అలాంటి చోట సర్క్యూట్ వైపు నుంచి, సర్క్యూట్ ఎత్తులో, డౌన్‌విండ్ మధ్యకి 45 డిగ్రీల్లో చేరండి. 27కి ఎడమ సర్క్యూట్ అయితే దక్షిణం నుంచి, హెడ్డింగ్ 045తో వస్తారు. ఫీల్డ్‌కి రెండు మూడు మైళ్ల బయటే ఎత్తూ వేగమూ స్థిరపడాలి. ఉత్తరం నుంచి వస్తుంటే ఫీల్డ్ చుట్టూ నాలుగైదు మైళ్ల దూరంలో తిరిగి అటు వెళ్లండి. పెట్రోలు పోతుందనుకోకండి, ఐదు నిమిషాలే.

స్ట్రెయిట్ ఇన్, అంటే దూరం నుంచి నేరుగా ఫైనల్. కొత్త ఫీల్డ్‌లో, టవర్ లేనప్పుడు, ఇది మీకు వద్దు. నిషేధం అని కాదు, చాలా చోట్ల చట్టబద్ధమే. కానీ విండ్‌సాక్ చూడలేరు, రన్‌వే మీద ఏముందో ఆఖరిదాకా తెలియదు, సర్క్యూట్‌లో ఉన్నవాళ్లు ఎదురుచూడని దిక్కు నుంచి వస్తారు. 2022 ఆగస్టులో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో సర్క్యూట్ తిరుగుతున్న సెస్నా 152నీ, నేరుగా ఫైనల్‌కి వస్తున్న రెండింజన్ల సెస్నా 340నీ ఇలాగే, ఒకదాన్నొకటి ఢీకొనగా, పోగొట్టుకున్నాం, ముగ్గురు చనిపోయారు. టవర్ లేని ఫీల్డ్. ఇద్దరు పైలట్‌లూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు. 340 మాత్రం ఆ చోటికి తగని వేగంతో వచ్చింది. ఆ సంఘటన నా విద్యార్థులకి చెప్పేది రేడియో గురించే: ఇద్దరూ తమ చోటు చెప్పుకున్నా, ఆ చోటికి ఎంత వేగంగా వస్తున్నారో మాటల్లో పూర్తిగా అందదు.

రేడియో మీద మీకు బెరుకు ఉందని తెలుస్తోంది. టవర్ దగ్గర పెరిగినవాళ్లకి అది సహజం, ఎవరో ఒకరు జవాబు చెప్తారని అలవాటు. ఇక్కడ మీరు చెప్పేది గాలిలోకే. పది మైళ్ల దగ్గర ఒకసారి వినడం మొదలుపెట్టండి, నిజానికి ఇంకా ముందే. రెండు నిమిషాలు వింటే ఏ రన్‌వే వాడుతున్నారో, ఎంతమంది ఉన్నారో సగం బొమ్మ వచ్చేస్తుంది. తర్వాత చెప్పాల్సింది: ఫీల్డ్ పేరు, మీరెవరు, ఏ విమానం, ఎక్కడున్నారు, ఎంత ఎత్తు, ఏం చేయబోతున్నారు, చివర మళ్లీ ఫీల్డ్ పేరు. ఒకే ఫ్రీక్వెన్సీని చాలా ఫీల్డ్‌లు పంచుకునే చోట ఆ రెండోసారి పేరు చెప్పడం దండగ కాదు, మొదటిసారి సగం మందికి వినిపించదు. "చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా చెప్పండి" అని అడగకండి. అమెరికా మార్గదర్శకాలు ఆ మాటని ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దనే చెప్తాయి, ఎందుకంటే నలుగురూ ఒకేసారి మైక్ నొక్కి ఎవరిదీ వినపడకుండా పోతుంది. చోటు చెప్పేటప్పుడు ఆ ఊరివాళ్లకే తెలిసిన గుర్తులు వద్దు. "పాత మిల్లు దగ్గర" అంటే మీలాంటి ఇంకో కొత్తవాడికి ఏమర్థమవుతుంది? దిక్కూ మైళ్లూ చాలు.

ఒక మాట: కొన్ని ఫీల్డ్‌లలో రేడియో ఎత్తినాయన టవర్ కంట్రోలర్ కాడు. గాలి ఎంత, రన్‌వే ఏది అని సమాచారం ఇస్తాడు, అంతే. మీకు దిగే అనుమతి ఇవ్వడం గానీ, మీ ముందు ఎవరూ లేరని హామీ ఇవ్వడం గానీ అతని పని కాదు. అతని గొంతు ఎంత ధీమాగా ఉన్నా నిర్ణయం మీదే. టవర్ ఉన్న కొత్త ఎయిర్‌పోర్టుకి వెళ్తే లెక్క మారుతుంది: వాళ్లు చెప్పిన లెగ్‌లోనే (సర్క్యూట్ భాగంలోనే) చేరాలి, చాలా దేశాల్లో అనుమతి రాకముందు వాళ్ల గగనతలంలోకి వెళ్లకూడదు. "నంబర్ టూ, బేస్‌లో ఉన్న పైపర్ వెనక" అంటే, పైపర్ కనిపించకపోతే కనిపించలేదనే చెప్పండి. సిగ్గుపడి "కనిపించింది" అన్నవాళ్లని ఎరుగుదును.

అసలు రేడియోనే లేనివాళ్లూ ఉంటారు, చాలా దేశాల్లో అది చట్టబద్ధం. ఒకసారి ఫ్రీక్వెన్సీ అంతా నిశ్శబ్దం, సర్క్యూట్ ఖాళీ అనుకుని బేస్ తిరగబోతున్నాను. తిరిగే ముందు అలవాటుగా ఫైనల్ మొదటిదాకా, అంటే రన్‌వేకి దూరంగా ఫైనల్ మొదలయ్యే వైపంతా, చూశాను. పొలాల పచ్చ మీద పచ్చ రంగు పాత టెయిల్‌డ్రాగర్ (తోక కింద చక్రం ఉన్న విమానం), రెక్కలు కదలకపోయి ఉంటే కనిపించేదే కాదు. కిటికీలో ఒకే చోట నిలబడి మెల్లగా పెద్దదవుతున్న చుక్క ఉంటే, అది మీతో ఢీకొనే దారిలో ఉంది. జరిగే చుక్క అంత ప్రమాదం కాదు. అతను కింద ఉన్నాడు, ఫైనల్‌లో ఉన్నాడు, దారి అతనిది. నేను డౌన్‌విండ్ పొడిగించాను. కింద ఉన్నవాడిది దారి అన్న నియమానికి ఒక షరతు కూడా ఉంది, దాన్ని వాడుకుని ఫైనల్‌లో ఉన్న ఇంకొకడి ముందు దూరకూడదు.

బేస్, ఫైనల్ గురించి రెండు ముక్కలు. మీకు అలవాటైన రన్‌వే 45 మీటర్ల వెడల్పు, కొత్తది 18 అనుకోండి. సన్నని రన్‌వే దూరంగా, కిందగా కనిపిస్తుంది. ఎత్తులో ఉన్నానని ముక్కు దించుతారు, నిజానికి సరిగ్గానే ఉన్నారు. అవతలి వైపు ఎత్తు పెరిగే రన్‌వే కూడా ఇదే మోసం చేస్తుంది. ఆల్టిమీటర్‌తో సరిచూసుకోండి: ఫైనల్ తిరిగేసరికి నేలకి 500 అడుగులకి దగ్గరలో ఉండాలి. ఇక గాలి. 27కి దిగుతూ, గాలి 220 నుంచి 15 నాట్లు ఉందంటే, బేస్‌లో ఉత్తరానికి ఎగురుతున్న మిమ్మల్ని వెనక నుంచి తోస్తుంది. ఫైనల్ దాటేస్తారు. అప్పుడు చెయ్యి దానంతటదే గట్టిగా బ్యాంక్ చేస్తుంది, అంటే విమానాన్ని పక్కకి వంచుతుంది. ఎత్తు నిలబెట్టుకుంటూ 30 డిగ్రీల బ్యాంక్‌లో స్టాల్ వేగం (ఇంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 7 శాతమే పెరుగుతుంది, 45లో 19, 60లో 41. దాటేస్తే 30 మించకుండా తిరిగి, అప్పటికీ కుదరకపోతే గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి వెళ్లడం). కొత్త ఫీల్డ్‌లో గో అరౌండ్ చేస్తే ఎవరూ నవ్వరు. మొదటి అప్రోచ్‌ని గో అరౌండ్ కోసమే అనుకుని రండి, బాగుంటే దిగండి.

ఇక మీ మీద అరిచినాయన సంగతి. తప్పు వైపున డౌన్‌విండ్‌లో ఉన్నారని తెలిసిన క్షణంలో మీరు చేసింది, "సరిచేసుకుందాం" అని రన్‌వే మీదుగా అదే ఎత్తులో అటువైపుకి తిరగడం. అసలు ప్రమాదం అక్కడ ఉంది. టేకాఫ్ చేసి ఎక్కుతున్నవాళ్లకీ, నిజమైన డౌన్‌విండ్‌లో ఉన్నవాళ్లకీ అడ్డంగా వెళ్లారు. తప్పు వైపున ఉంటే ఫీల్డ్‌కి దూరంగా తిరగండి. మీ విషయంలో ఎడమకి, ఉత్తరానికి. రెండు మూడు మైళ్లు బయటకి వెళ్లి, ఎక్కి, ఓవర్‌హెడ్‌కి కొత్తగా రండి. ఈ బయటకి పోయే దిక్కు కూడా నీబోర్డ్ బొమ్మలో ముందే ఒక చిన్న బాణంగా గీసుకోవచ్చు, నేను గీసుకుంటాను. ఆయనకి రేడియోలో చెప్పాల్సింది, "తప్పు వైపున ఉన్నాను, ఉత్తరానికి వెళ్లిపోతున్నాను, మళ్లీ ఓవర్‌హెడ్‌కి వస్తాను" అంతే. వాదన వద్దు, వివరణ వద్దు, ఫ్రీక్వెన్సీ మిగతావాళ్లకి కావాలి. ఇంజిన్ ఆపాక నడిచి వెళ్లి ఆయన్ని పలకరించండి, ఆ ఫీల్డ్ గురించి చార్టులో లేని సంగతులు ఎక్కువ తెలిసేది బహుశా ఆయనకే.